ఏప్రిల్ 23 దాకా బడి ఉందబ్బయా!

మార్చి మూడో వారంలో ఏ హైస్కూల్‌కైనా వెళ్లి, ఎనిమిదో తరగతి గది తలుపు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. టీచరు బోర్డు మీద రాస్తుంటారు. ముందు రెండు బెంచీల వాళ్లు ఎక్కించుకుంటుంటారు. మూడో బెంచీ నుంచి వెనక్కి వెళ్తే కథ వేరు. ఒకడు నోటుబుక్కు చివరి పేజీలో ఐపీఎల్ జట్టు రాసుకుంటుంటాడు. ఇంకొకడు బెంచీ మీద తలవాల్చేసి ఉంటాడు. మధ్యమధ్యలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "సార్, సిలబస్ అయిపోయింది కదా, ఇంకేం చెప్తారు?"

దీనికి టీచర్లు పెట్టిన పేరు బద్ధకం. అమ్మానాన్నలు పెట్టిన పేరు సెల్‌ఫోను. నన్నడిగితే ఆ రెండూ సగం సగమే నిజం. పిల్లలు లెక్క వేసుకుంటున్నారు. ఆ లెక్క చాలావరకు కరెక్టే, అదీ చిక్కు!

నేను నెల్లూరు జిల్లా సముద్రం పక్క ఊళ్లో పుట్టి, జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి, ఇంజినీరింగ్ చేసి, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నెలకో రెండుసార్లు ఊరికొస్తాను. వచ్చినప్పుడల్లా వీధిలో పిల్లలు లెక్కలో, ఇంగ్లీషో చెప్పించుకోడానికి వస్తుంటారు. జనవరిలో పది మంది వస్తే, మార్చికి ముగ్గురు మిగులుతారు. అందుకే ఈ విషయం మీద నాకింత పట్టుదల.

పిల్లలు వేసే లెక్క

మన రాష్ట్రంలో మామూలుగా బడి జూన్ 12న మొదలై ఏప్రిల్ 23తో ముగుస్తుంది. పని దినాలు దాదాపు 220. పాఠాలు చాలాచోట్ల ఫిబ్రవరికల్లా ఒక కొలిక్కి వస్తాయి. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు, పొద్దున 7.45కి మొదలై మధ్యాహ్నం పన్నెండున్నరకు అయిపోతాయి. ఏప్రిల్‌లో ఆఖరి పరీక్షలు. అంటే ఒంటిపూట మొదలైన రోజు నుంచి బడి మూసే రోజు దాకా దాదాపు ఆరు వారాలు. ఏడాదిలో ఎనిమిదో వంతు. దాన్ని మనమందరం "రివిజన్" అని ఒక్క మాటతో కట్టిపడేశాం.

ఇంక హాజరు సంగతి చూద్దాం. 'తల్లికి వందనం' లాంటి పథకానికి 75 శాతం హాజరు ఉండాలి. 220లో 75 శాతం అంటే 165 రోజులు. జూన్ నుంచి మానకుండా వచ్చిన పిల్లకు అది ఫిబ్రవరి మొదట్లోనే అయిపోతుంది. బీటెక్ చదివిన వాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. మా కాలేజీలు అనంతపురం జేఎన్‌టీయూ కింద ఉండేవి. 75 ఉంటే హాయి, 65 దాటితే కాండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. సెమిస్టర్ చివర్లో మేం చదివిన దానికంటే ఈ శాతాలు కట్టిందే ఎక్కువ. పదమూడేళ్ల పిల్లవాడికి మాత్రం ఆ తెలివి ఉండదని ఎందుకనుకోవాలి?

ఇక పాసు సంగతి. ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఫెయిల్ చేయకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. 2019లో దాన్ని సవరించి 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే వెసులుబాటు రాష్ట్రాలకు ఇచ్చారు. పిల్లల చెవిన పడింది మాత్రం మొదటి సగమే. "ఎట్టాగూ పాసే కదన్నా!"

అన్నిటికంటే పెద్ద గుర్తు ఇంకొకటుంది. ఈ ఆరు వారాలూ స్కూల్లో పెద్దవాళ్ల చూపంతా పదో తరగతి మీదే. వాళ్లకు వంద రోజుల ప్రణాళిక, పొద్దున స్టడీ, సాయంత్రం స్టడీ, స్లిప్ టెస్టులు, మోడల్ పేపర్లు. ఆ తర్వాత పబ్లిక్ పరీక్షలు. బడిలోనే సెంటరు పడితే మిగతా తరగతులకు పొద్దున గదులుండవు. మధ్యాహ్నం ఒంటిగంటా పావు నుంచి అయిదు దాకా, మండే ఎండలో వాళ్ల బడి. సార్లు ఇన్విజిలేషన్‌కు వెళ్తారు, ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్తారు. ఆరు నుంచి తొమ్మిది దాకా చదివే పిల్లలకు ఇదంతా చూస్తే ఏమర్థమవుతుంది? "మన బండి వచ్చే ఏడాదికి గానీ కదలదు" అని. నోటితో ఎవరూ అనకపోయినా ఆ సంగతి వాళ్లకు తెలిసిపోతుంది.

పదో తరగతికి అంత చేయొద్దని నేననను. ట్రిపుల్ ఐటీ సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, సర్కారు బళ్లో చదివిన వాళ్లకు అదనపు మార్కుల వెసులుబాటూ ఉంది. మా వైపు ఎన్నో ఇళ్లు దాని వల్లే బాగుపడ్డాయి. కానీ ఆ పదో తరగతి దాకా పిల్లవాడు రావాలి కదా!

పన్నెండున్నర బెల్లు తర్వాత

తీరం వెంబడి కావలి దగ్గర్నుంచి కిందికి రండి. జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, ఇంకా దక్షిణానికి తూపిలిపాళెం. ఎక్కడ చూసినా బడికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క రొయ్యల గుంటలో, వరి చేలో. మార్చి వచ్చిందంటే ఈ మూడూ ఒకేసారి పిలుస్తాయి.

నెల్లూరులో వరి పెద్ద పంట ఈశాన్య రుతుపవనాల నీళ్లతో పండేది. అందుకే కోతలు సరిగ్గా బడి చివరి రోజుల్లోనే వస్తాయి. రొయ్యల గుంటల్లో ఎండాకాలం పంటకు మేత, కాపలా. సముద్రం మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లన్నిటినీ ఆపేస్తారు. ఆ రెండు నెలలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో పదివేల నుంచి ఇరవై వేలకు పెరిగింది. అయినా బోటు ఆగేలోపు నాలుగు డబ్బులు చూసుకోవాలని ఎవరికి ఉండదు? మార్చి నెలంతా పాళేల్లో అదే హడావుడి. బోటుకు ఒక చెయ్యి తక్కువైతే, పన్నెండున్నరకు ఇంటికొచ్చిన కుర్రాడు కళ్ల ముందే కనిపిస్తాడు.

పోయిన మార్చిలో మా వీధి తొమ్మిదో తరగతి అబ్బాయి రెండు ఆదివారాలు రాలేదు. మూడో వారం కనిపిస్తే అడిగాను. "బళ్లో ఏం చెప్పడంలా అన్నా. నాయనతో పోతే రెండొందలన్నా వస్తాయి గదా" అన్నాడు. వాళ్ల నాన్న పక్కనే వల ముందేసుకుని కూర్చోనున్నాడు. "అయిపోయిన బడికి ఇంక పోయి ఏం జేస్తాడబ్బయా?" అన్నాడాయన. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. 'రివిజన్ ఉంది మావా' అని నేను చెప్తే నాకే అది జవాబులా అనిపించలేదు.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు. బడి లేని వేళల్లో, ప్రమాదం లేని ఇంటి పనికి సాయం చేయడం వరకే 2016లో సవరించిన చట్టం ఒప్పుకుంటుంది. అది అందరికీ తెలిసిందే. తెలియనిది, లేదా తెలిసీ పట్టించుకోనిది ఒకటుంది. మార్చిలో వారానికి మూడు రోజులు మానిన పిల్లవాడికి బడితో ఉన్న ముడి అప్పుడే వదులవుతుంది. సెలవులంటే ఎట్టాగూ యాభై రోజులు. జూన్ 12 నాటికి వాడు బడికి మూడు నెలల దూరంలో ఉంటాడు. ఆడపిల్లల సంగతి ఇంకో రకం. వేసవి ముహూర్తాల కాలం. 'బడి అయిపోయింది' అన్న మాట పడ్డాక ఇంట్లో మాటలు ఎటు తిరుగుతాయో మనందరికీ తెలుసు. 1098కి ఫోన్ చేయాల్సిన పరిస్థితి వచ్చేలోపే, తొమ్మిదో తరగతి అమ్మాయికి ఏప్రిల్ నెలంతా బళ్లో పని ఉండేట్టు చూడటం మన చేతుల్లో ఉంది.

గమ్యం దగ్గరైతే వేగం పెరగాలి కదా?

అమెరికాలో క్లార్క్ హల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1930ల్లో ఎలుకల్ని పొడవాటి దారుల్లో పరిగెత్తించి చూశాడు. తిండి ఉన్న చివరకు దగ్గరయ్యే కొద్దీ అవి ఇంకా వేగంగా పరిగెత్తాయి. 2006లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన రాన్ కివెట్జ్, మరో ఇద్దరు ఇదే సంగతి మనుషుల్లో, కాఫీ కార్డులతో చూశారు. పది కాఫీలు తాగితే ఒకటి ఉచితం. కార్డు నిండే కొద్దీ జనం త్వరత్వరగా వచ్చి తాగారు. అందులో ఒక తమాషా కూడా చేశారు. కొందరికి పది గడుల ఖాళీ కార్డు, ఇంకొందరికి పన్నెండు గడుల కార్డు, కాకపోతే రెండు గడులు ముందే ముద్ర వేసి ఇచ్చారు. ఇద్దరూ తాగాల్సింది పదే. అయినా రెండో రకం వాళ్లే ముందు పూర్తిచేశారు. ఇప్పటికే కొంత అయిపోయిందన్న భావన అంత పనిచేస్తుంది.

మరి ఏడాది చివరికి వచ్చిన మన పిల్లలు ఎందుకు నెమ్మదిస్తున్నారు? వాళ్ల దారి చివర ఉన్నది చదువు కాదు కాబట్టి. చివర ఉన్నది సెలవులు. వాటి వైపు మాత్రం బాగానే పరిగెడుతున్నారు! ఎన్ని రోజులున్నాయో వేళ్ల మీద చెప్తారు. చదువుకు ఆ ఆరు వారాల్లో చివర అనేదే కనపడదు. రివిజన్‌కు మొదలెక్కడ, తుది ఎక్కడ?

మా ఆఫీసులోనూ ఇదే గోల. ప్రాజెక్టు చివరి నెలలో కొత్తగా రాసేది ఏమీ ఉండదు, చిన్నాచితకా లోపాలు సరిచేయడమే. అందరి మనసూ తర్వాతి ప్రాజెక్టు మీదుంటుంది. 'మిగిలినవన్నీ చూడండి' అని ఒక పని రాసి బోర్డు మీద పెడితే దాన్ని ఎవరూ ముట్టుకోరు. అదే పనిని నలభై ముక్కలు చేసి, ఒక్కోటి ఒకటి రెండు రోజుల్లో తేలిపోయేట్టు రాసి, పూర్తయినవి పక్క గడిలోకి జరుపుతుంటే, అదే మనుషులు సాయంత్రం ఏడైనా కదలరు. జీతం అదే, మనుషులు అదే. పిల్లలకు జీతం కూడా లేదు పాపం.

మన క్లాసుల్లో ఇదెలా ఉంటుందో చెప్తాను. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం మొత్తం 'మళ్లీ చూడండి' అని వదిలేయకుండా, ఒక అట్ట మీద 24 గడులు గీయించండి. ఒక్కో గడిలో ఒక్కో రకం లెక్క: శాతాలు ఒకటి, చక్రవడ్డీ ఒకటి, ఘనమూలం ఒకటి. పిల్లకు ఇప్పటికే వచ్చినవి నాలుగైదు మొదటి రోజే నింపించేయండి, కాఫీ కార్డు మీద ముద్రల్లాగ. మిగతావి రోజుకొకటి. నింపడానికి షరతు ఒక్కటే: పక్క పిల్లకు చెప్పి అర్థమయ్యేట్టు చేయాలి. నేను మా వసారాలో ఈ మార్చిలో ఇదే పెట్టాను. ఆరుగురు ఏప్రిల్ దాకా మిగిలారు. మరీ గొప్ప ఫలితమేం కాదు, పోయినసారి ముగ్గురే.

సైన్సుకైతే తీరంలో ఉన్నవాళ్లకు ఖర్చే లేదు. ఒక లీటరు సముద్రం నీళ్లు వెడల్పాటి స్టీలు పళ్లెంలో పోసి ఎండలో పెడితే, నీళ్లన్నీ ఇగిరిపోయాక దాదాపు 35 గ్రాముల ఉప్పు మిగులుతుంది. కిరాణా కొట్టు తూకంలో వేసి చూడొచ్చు. పెన్నా సముద్రంలో కలిసే చోట నీళ్లు తెస్తే తక్కువొస్తుంది. బకింగ్‌హాం కాలవ నీళ్లు, రొయ్యల గుంట నీళ్లు, బోరు నీళ్లు, ఒక్కో గుంపుకు ఒక్కోటి. మార్చి ఎండ మనకు శత్రువని అంటాం గానీ ఈ ప్రయోగానికి అదే కరెంటు. వారం పది రోజుల్లో పట్టిక తయారైపోతుంది. ఉప్పు ఎక్కువైతే రొయ్య ఎందుకు ఎదగదో చెప్పడానికి ఊళ్లోనే అనుభవజ్ఞులున్నారు, వాళ్లను ఒక పూట బడికి పిలవొచ్చు.

తెలుగు పీరియడ్‌కు ఇంకా సులువు. వంజరం, చందువ, మాగ, కానాగంత, నెత్తళ్లు... చేపల పేర్లు, వలల పేర్లు, గాలుల పేర్లు. అవ్వాతాతల దగ్గర అడిగి తెచ్చి, అర్థం రాసి, బొమ్మ వేసి, ఏప్రిల్ 20 కల్లా వంద మాటల పుస్తకం. నగరం నుంచి వచ్చిన పుస్తకాల్లో ఈ మాటలు దొరకవు. బళ్లో మౌనంగా ఉండే పట్టపు కుర్రాడు ఇక్కడ మాస్టారవుతాడు.

ఈ జిల్లాకు ఇది కొత్తేం కాదు

చదివేది తన బతుకు గురించైతే మనిషి ఎంత అలసిపోయినా కూర్చుంటాడని నెల్లూరు ఎప్పుడో చూపించింది. 1991లో ఇక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలి పని చేసొచ్చి, రాత్రి లాంతరు ముందు పలక పట్టుకున్న ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లకు పరీక్ష లేదు, మార్కులు లేవు, హాజరు శాతం అసలే లేదు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టును మూయించారు. ఆ సంగతి అక్షరాస్యత వాచకంలో పాఠంగా వచ్చింది. ఇంకో ఊరి ఆడవాళ్లు ఆ పాఠం చదివి, 'వాళ్లు చేసింది మనం చేయలేమా' అనుకున్నారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లా దాటి పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారాను నిషేధించేదాకా వెళ్లింది.

మా అమ్మమ్మ ఆ రాత్రి బళ్లలోనే సంతకం నేర్చుకుంది. ఆమె ముందు ఎవరైనా 'పిల్లలకు చదువు మీద ధ్యాస లేదు' అంటే ఒకటే మాట: "ధ్యాస పెట్టే పాఠం చెప్తే పెడతారు." టీచర్లు వింటే నొచ్చుకుంటారేమో గానీ, ఆమె అనుభవం ఆమెది.

ఇంట్లో చూడాల్సినవి

పెద్ద జాబితా ఇవ్వను. నిద్ర ఒక్కటి చాలు. ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఏడున్నరకు మొదలై పదకొండు దాటాక ముగుస్తుంది. బడి 7.45కి అంటే పిల్లలు ఆరింటికి లేవాలి. రోజూ ఇలా ఆరున్నర గంటల నిద్రతో వచ్చిన పిల్లకు ఏ పాఠం చెప్పినా జోలపాటే. మ్యాచ్‌లు పూర్తిగా మానిపించడం జరిగే పని కాదు, నేనూ చూస్తాను. వారానికి రెండు మ్యాచ్‌లు వాళ్లే ఎంచుకోవాలి, మిగతా రోజుల్లో మొదటి ఇన్నింగ్స్‌తో టీవీ ఆఫ్. శనివారం రాత్రి మాత్రం ఆపొద్దు.

పొద్దున్నే ఏమీ తినకుండా పరిగెత్తి వెళ్లే పిల్లలూ ఎక్కువే. వారంలో కొన్ని రోజులు బళ్లో రాగిజావ ఇస్తున్నారు, ఎండల్లో నీళ్లు తాగమని వాటర్ బెల్లూ కొడుతున్నారు. మంచిదే. అయినా ఇంట్లోంచి ఇంత చద్దన్నం మజ్జిగ పడితే మొదటి రెండు పీరియడ్లూ కళ్లు తెరుచుకుని ఉంటాయి. కష్టమైన సబ్జెక్టు ఆ రెండు పీరియడ్లలో పెట్టమని హెడ్మాస్టర్లకు నా మనవి. పదకొండు దాటాక రేకుల గదిలో బీజగణితం ఎవరి వల్లా కాదు.

తొమ్మిదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఒక కబురు. ఇస్రో వాళ్లు 2019 నుంచి 'యువిక' అని ఒక శిక్షణ నడుపుతున్నారు. తొమ్మిదో తరగతి చదివే వాళ్లకే. దరఖాస్తులు మామూలుగా ఫిబ్రవరి, మార్చిల్లో తీసుకుంటారు, శిక్షణ మే నెలలో రెండు వారాల దాకా ఉంటుంది. పల్లెటూరి బళ్ల పిల్లలకు ఎంపికలో ప్రత్యేక వెయిటేజీ ఉంది. ఆన్‌లైన్ క్విజ్ కూడా రాయాలి. రాకెట్ ఎగిరినప్పుడల్లా మిద్దెలెక్కి చూసే పిల్లలం మనం. శ్రీహరికోట మనకు కూతవేటు దూరం. దేశం నలుమూలల నుంచి పిల్లలు అక్కడికి వస్తుంటే, మన బళ్లలో చాలామందికి ఆ పేరే తెలియదు. సీటు వచ్చినా రాకపోయినా, ఆ క్విజ్ కోసం చదివే మార్చి నెల వేరేగా ఉంటుంది.

ఇక మా వీధి అబ్బాయి సంగతి. వాళ్ల నాన్నతో మళ్లీ మాట్లాడాను. ఈసారి 'చదువు ముఖ్యం మావా' లాంటి మాటలు చెప్పలేదు, తేదీలు చెప్పాను. బడి తెరిచేది జూన్ 12. బోట్లు కదిలేది జూన్ 14 అర్ధరాత్రి. మధ్యలో ఉన్నవి రెండంటే రెండు రోజులు. అరవై రోజులు ఆగిన బోటుకు తొలి వేట కాబట్టి అందరి చేతులూ కావాలి, పదో తరగతికి వచ్చిన కుర్రాడి చెయ్యి కూడా. 'ఒక్క వారం పోయొచ్చి బడికి పోతాళ్లే' అంటారు. ఆ వారం ఎంత పొడుగవుతుందో పాళెంలో అందరూ చూసిందే. ఊరి కాపులు కూర్చుని దేనికైనా దురాయి వేస్తే పాళెంలో ఎవరూ దాటరు. పదో తరగతి పిల్లల్ని తొలి వేటకు ఎక్కించకూడదని ఒక దురాయి వేస్తే ఎట్టా ఉంటుందని అడిగాను.

ఆయన వల కండె పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు. "అట్టాంటిది అడగాలంటే బోట్లు ఒడ్డునున్నప్పుడే అడగాలబ్బయా. జూన్ పదిహేనున అడిగితే ఎవుడుంటాడు ఊళ్లో?" అన్నాడు. ఏప్రిల్ 15 తర్వాత మొదటి ఆదివారం కాపుల దగ్గరికి ఇద్దరం వెళ్లాలని అనుకున్నాం. అబ్బాయి అట్ట మీద అప్పటికి ఇంకా తొమ్మిది గడులున్నాయి.